అజ్ఞానము ఎందుకు నిలిచియుండును?



అజ్ఞానమనగానే మనకు చదువురానివాడు జ్ఞాపకము వస్తాడు. అతనికి నాలుగు ముక్కలు చెప్పితే అజ్ఞానము పోతుందని మన నమ్మకము. అదే నిజమైతే కుష్ఠువ్యాధిని గురించి మన ఇండ్లలో ఈపాటికి భయము మిగలకూడదు. మన సంఘములలో ఉపాధ్యాయులకు, నర్సులకు కొదువ లేదు. అయినను పిల్ల వీపుమీద స్పర్శ లేని మచ్చ కనబడితే, ఆస్పత్రికంటె ముందు పెండ్లి సంబంధమే గుర్తుకు వస్తుంది. ఈ ఒక్క వ్యాధినే తీసికొని, తెలియనితనము ఎట్లు నిలిచియుంటుందో మీతో కలిసి ఆలోచించాలని వచ్చాను.

ముందుగా మన కన్నులే మనలను మోసగిస్తాయి. ఈ వ్యాధిక్రిమి బహు నెమ్మదిగా పెరుగుతుంది. సోకిన తరువాత మచ్చ కనబడుటకు సగటున 5 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు 20 ఏండ్లు కూడ పట్టవచ్చును. పైగా మనుష్యులలో అత్యధికులకు దీనిని ఎదుర్కొను శక్తి సహజముగానే ఉన్నది. కాబట్టి ప్రక్కనున్న పదిమందికి రాదు; ఏండ్లు గడిచాక అదే ఇంట కుమారునికి వస్తుంది. చూచినవాడు "వంశములో ఉన్నది" అనుకొంటాడు. దీనిని మూర్ఖత్వమని కొట్టివేయలేము. నార్వే దేశపు వైద్యుడు డానియెల్సన్ ఆ కాలములో ఈ వ్యాధిని క్షుణ్ణముగా పరిశీలించినవాడు. ఆయనే 1847లో ఇది వంశపారంపర్యమని గ్రంథము వ్రాశాడు. రోగినుండి తీసిన పదార్థమును తన శరీరములోనికే ఎక్కించుకొని చూచాడు, ఏమియు కాలేదు. ఇంకేమి ఋజువు కావాలి? అదే బెర్గెన్ పట్టణములో, ఆయన క్రింద పనిచేసిన హాన్సెన్ 1873లో సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని చూచాడు. హాన్సెన్ ఆయనకు అల్లుడు కూడ. తన మాట తప్పని తేల్చగల పరిశోధనకు మామగారు అడ్డుపడలేదు. నా దృష్టిలో క్రిమిని కనిపెట్టుట ఎంత గొప్పదో, ఇదియు అంత గొప్పదే.

ఇక మన సంగతి. లేవీయకాండము 13, 14 అధ్యాయములలోని కుష్ఠు బట్టలకు, ఇంటి గోడలకు కూడ పట్టుతుంది. హాన్సెన్ చూచిన వ్యాధి గోడకు పట్టదు గదా! అక్కడి హెబ్రీ మాట అనేక చర్మవ్యాధులకు, బూజువంటి వాటికి కూడ వాడినదని పండితులంటారు. మన తెలుగులో రెండింటికి ఒకే పేరు వచ్చింది. దానికి గేహజీ వృత్తాంతము తోడై, ఇది పాపమునకు శిక్ష, సంతానమునకు సంక్రమించునది అని స్థిరపడిపోయింది. ఆదివారము ఆ పాఠము విని సోమవారము పొరుగింటి రోగిని చూచు మనిషికి గోడపత్రిక ఏమి ఎక్కుతుంది? దీనిని సరిదిద్దవలసినది బోధించువారే, ఆరోగ్యశాఖ కాదు.

మరొక కారణము చెప్పుటకు కొంచెము కష్టము. రోగము నయమవుతుందని ఒప్పుకొంటే, ఇల్లు వెడలగొట్టిన పెదనాన్నను తిరిగి తీసికొని రావాలి. ఆయన వాటా పొలము ఆయనకు ఇయ్యాలి. తెలియనట్లుండుట సుఖము! చట్టము కూడ చాలకాలము అట్లే ఉండిపోయింది. పలు మందులు కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సిఫారసు చేశారు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016 వరకు రద్దు కాలేదు. ఈ వ్యాధిని విడాకులకు కారణముగా చూపు వీలు, మన క్రైస్తవుల విడాకుల చట్టముతో సహా, 2019లోగాని తొలగలేదు.

మరి మనస్సు ఎట్లు తెరుచుకొంటుంది? వెక్కిరింపువలన తెరుచుకొనుట నేను చూడలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠు ఆస్పత్రి ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత ధనసహాయము చేశారు. ఆనాటి చాల్‌మూగ్రా నూనె నేటి మందులవలె పనిచేయలేదు. అయినను పుండు కడిగే చేతులను ఏండ్ల తరబడి చూచుట వేరు, వినుట వేరు. తరువాత వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, వ్రేళ్లు కుళ్లి రాలుట లేదని, నొప్పి తెలియనందున కాలి, తెగి పాడవుతున్నవని చూపాడు. ముడుచుకొనిపోయిన చేతులను శస్త్రచికిత్సతో విప్పాడు. ఆ చేయి అన్నము కలుపుకొనుట చూచినవానికి ఉపన్యాసముతో పని ఏమి?

2005 డిసెంబరు నాటికి మన దేశములో ఈ వ్యాధి పదివేలమందికి ఒకరికంటె తగ్గింది. అయినను ప్రపంచములో క్రొత్తగా బయటపడు రోగులలో సగముకంటె ఎక్కువ మంది ఇప్పటికిని మనవారే. నయమైనవారు కూడ కొందరు గుడిలో చివరి వరుసలో కూర్చొని, ప్రభు భోజనమునకు అందరి తరువాత వస్తారు. వెనుకకు పొమ్మని ఎవరును అనలేదు. ముందుకు రమ్మనియు అనలేదు.

పదిమంది కుష్ఠురోగుల పాఠము వచ్చిన ఆదివారమున గురువులు ఐదు నిమిషములు మచ్చను గురించి చెప్పాలని నా మనవి. మచ్చ పాలిపోయి గాని ఎర్రబారి గాని ఉంటుంది. దూదితో తాకితే తెలియదు. మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా ఇస్తారు. కొందరికి ఆరు నెలలు, కొందరికి సంవత్సరము. మొదలుపెట్టిన కొద్దికాలమునకే ఇతరులకు అంటదు. ఆ మాట చెప్పినది గురువుగారైతే, చివరి వరుసలోని ఆయన ప్రక్కన పోయి కూర్చొనుటకు ఎవరో ఒకరు లేస్తారు.