వాక్యములోని రీతులు – మన పఠనము
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



బైబిలు ఒకే అట్టలో ఉంటుంది గనుక ఒకే పుస్తకమనుకుంటాం. నిజానికది 66 గ్రంథాల సంపుటి. అందులో ధర్మశాస్త్రముంది, రాజుల చరిత్ర ఉంది, పాట ఉంది, సామెత ఉంది, ఉత్తరముంది, దర్శనముంది. దేని పద్ధతి దానిదే.

ఈ సంగతి మనకు కొత్తదేమీ కాదు. జగిత్యాల దగ్గరి ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం మనలో ఎందరో బడిలో వల్లించారు. ప్రతి పద్యం చివర అదే మకుటం వస్తే కవికి మాటలు కరువయ్యాయని ఎవరూ అనలేదు. 136వ కీర్తనలో ఒకే పల్లవి 26 సార్లు వస్తే మాత్రం విసుక్కుంటాం! ఒగ్గు కథలో పక్కనున్నవాడు ప్రశ్న వేయడం కథ నడిపే తీరని పిల్లవాడికీ తెలుసు. మంచి సమరయుని ఉపమానం దగ్గరికి వచ్చేసరికి ఆయన పేరేమిటి, ఊరేదని అడుగుతాం. ప్రభువు అడిగిన ప్రశ్న వేరు.

కోరుట్లలో దుబాయి ఉత్తరాలు చదివిన ఇళ్లకు పౌలు పత్రికల సంగతి చెప్పనక్కరలేదు. ఇటునుంచి ఏమి రాశామో తెలిస్తేనే అటునుంచి వచ్చిన జవాబు అర్థమవుతుంది. మొదటి కొరింథీయులకు 7వ అధ్యాయం అలాంటి జవాబే.

ఇదంతా పండితుల ముచ్చట అనుకోవద్దు. మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. 2000 తరువాతి సంవత్సరాల్లో సిరిసిల్లలో సాంచెలు ఆగి, అప్పులు పెరిగి, నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. అట్లా భర్తను పోగొట్టుకున్న ఒక సోదరిని పరామర్శించడానికి వెళ్లాం. వెళ్లి సామెతల గ్రంథం తెరిచి, సోమరితనము, దరిద్రముల గూర్చిన మాటలు చదివాం. రాత్రింబగళ్లు సాంచె దగ్గర నిలబడ్డ మనిషి ఆయన! ఆమె ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, ఏమీ అనక లోపలికి వెళ్లిపోయింది.

సామెత అబద్ధం కాదు. కాని అది లోకం సాధారణంగా నడిచే తీరు చెబుతుంది, ఫలానా ఇంటిమీద తీర్పు చెప్పదు. సామెతలు 26వ అధ్యాయం 4, 5 వచనాలు చూడండి. మూఢునికి బదులియ్యవద్దని ఒకటి, ఇయ్యమని దాని పక్కదే. ఏది ఎప్పుడో ఎరిగి పలకాలి. యోబు స్నేహితులు ఇక్కడే తప్పిపోయారు. వాళ్ల మాటలు వినసొంపైనవే, అయినా దేవుని కోపం వాళ్లమీదికే వచ్చింది.

ఆనాడు మేము తెరవవలసినది విలాపవాక్యములు. హెబ్రీ అక్షరాలు 22. ఆ గ్రంథంలో 1, 2, 4 అధ్యాయాలకు వచనాలు 22 చొప్పున, 3వ దానికి 66. అక్షరమాల వరుసలో మొదటి అక్షరం నుండి చివరిదాకా దుఃఖాన్ని పూర్తిగా ఏడ్వనిచ్చే కవిత్వమది. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది. దేవుణ్ణి ఇట్లా అడగవచ్చునా అని జంకేవారు రామదాసును తలచుకోండి. గోలకొండ చెరలో తన రాముణ్ణి నిలదీసి పాడినందుకు ఆయన భక్తిని ఎవరూ శంకించలేదు.

కొన్నాళ్లకు ఆ సోదరి ఇంటికి మళ్లీ వెళ్లాం. విలాపవాక్యములు 3వ అధ్యాయం చదివాం. "ఇదీ బైబిలులోనే ఉన్నదా అయ్యా?" అని అడిగి, మొదటినుండి ఇంకోసారి చదవమన్నది.