జల్జలా: ఒక మాట చెప్పే పాఠం





మన ఇళ్లలో ‘జల్జలా’ అంటే భూకంపం. నిలకడ లేనిదాన్ని, ఊగిసలాడేదాన్ని ఉర్దూలో ‘ముతజల్జిల్’ అంటాం. రెండూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చినవే. అరబీ నిఘంటుకారులు దీన్ని ‘జల్ల’ అనే మాటతో కలిపి చెబుతారు. జల్ల అంటే కాలు జారడం. జారడం మళ్లీ మళ్లీ జరిగితే అది కుదుపు, అదే జల్జలా. సహాయ సంఘం సభలో ఈ మాటల విచారణ ఎందుకని అనుకోకండి. మీరిచ్చే సొమ్ము పేదవాడికి ఎప్పుడు చేరాలన్నది ఈ మాటలోనే ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లో 99వ సూరాకు ఈ మాటే పేరు. ప్రళయదినాన భూమి కంపించడం, మనిషి తాను చేసిన రవ్వంత మంచినీ రవ్వంత చెడునూ కళ్లారా చూసుకోవడం అందులోని విషయం. ఇదే ధాతువు బఖరా సూరా 214వ ఆయతులో మనుషుల గురించి వస్తుంది. పూర్వపు విశ్వాసులు లేమికి, కష్టాలకు గురై కుదిపివేయబడ్డారని అక్కడ ఉంది. అంటే జల్జలా భూమికే కాదు, బతుకులకూ వస్తుంది.

శాస్త్రంలోనూ ఈ మాటకు స్థానముంది. అరబీలో భూకంప శాస్త్రం పేరు ‘ఇల్ముజ్జలాజిల్’. తఫ్సీరె జలాలైన్ రచయితల్లో ఒకరైన ఇమామ్ సుయూతీ (మరణం 1505) తన కాలం వరకు వచ్చిన భూకంపాలను వరుసగా ఒక గ్రంథంలో నమోదు చేశారు. పాత భూకంపాలను పరిశోధించే నేటి శాస్త్రవేత్తలకూ అది పనికివస్తోంది.

1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన భూకంపాన్ని పరిశీలించి రీడ్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి తేల్చారు. కుదుపు క్షణాల్లో ముగుస్తుంది కానీ, దానికి కారణమైన ఒత్తిడి భూమి లోపలి రాళ్లలో ఎన్నో ఏళ్లుగా పేరుకుని ఉంటుంది. పైకి నేల నిశ్చలంగానే కనిపిస్తుంది.

రెండో సంగతి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చింది. తీవ్రత 6 దాటింది. వేలమంది చనిపోయారు. 2010లో చిలీ దేశంలో వచ్చిన భూకంపం తీవ్రత 8.8. శక్తిలో దానికీ దీనికీ పోలికే లేదు. అయినా అక్కడ చనిపోయినవారు సుమారు 500 మంది. ఈ తేడాకు ఒక పెద్ద కారణం ఇళ్లు. కిల్లారిలో మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రపోతున్నవారి మీద కూలాయి. చిలీలో భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని ఇళ్లు కట్టే నియమాలు ముందునుంచీ ఉన్నాయి.

బడిలో చదువుకున్న పాఠం గుర్తుచేసుకుందాం. గిన్నెలో గోళీ వేసి కదిపితే అది తిరిగి అడుగుకే చేరుతుంది. గిన్నెను బోర్లించి దానిమీద గోళీ నిలబెడితే, వేలితో తాకినా దొర్లిపోతుంది. శాస్త్రం అస్థిరత అనేది దీన్నే. పడిపోవడం కాదు, చిన్న తాకిడికే పడిపోయేలా నిలబడి ఉండటం.

మన చుట్టూ ఇలా నిలబడ్డ కుటుంబాలు ఎన్ని లేవు! అద్దె ఆటో నడిపే తండ్రి, కుట్టుపని చేసే తల్లి, బడికెళ్లే పిల్లలు. పైకి అంతా బాగానే ఉంటుంది. వాళ్లు చేయి చాపరు. తండ్రికి పదిరోజులు జ్వరం వస్తే చాలు, వడ్డీకి అప్పు మొదలవుతుంది. తర్వాత కొడుకు బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరతాడు. జ్వరం తగ్గుతుంది, అప్పు తగ్గదు, బడి తిరిగి రాదు.

నిజం చెప్పాలంటే మేము కూడా ఎక్కువగా పడిపోయినవారి దగ్గరికే వెళ్తున్నాం. శిథిలాలు తొలగించడం పుణ్యకార్యమే, అది ఆగకూడదు. కానీ గోడ కూలకముందే ఊతం ఇవ్వడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. సమయానికి అందిన ఖర్జె హసనా, ఒక నెల మందులు, ఒక సంవత్సరం ఫీజు బోర్లించిన గిన్నెను తిరగేసి పెట్టగలవు.

జకాత్ ఏడాదికి ఒకసారి లెక్క కడతాం. జ్వరం రమజాన్ వరకు ఆగదు కదా! సదఖాకు గడువు లేదు. కొద్దిదైనా సరే, నిత్యం చేసే సత్కార్యం అల్లాహ్‌కు ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించారు. అందుకే దాతలకు మా మనవి ఒక్కటే. మీ సదఖాలో కొంత భాగాన్ని నెలనెలా ఇవ్వండి. మీ వీధిలో చేయి చాపని ఇల్లేదో గమనించి మాకు చెప్పండి. వారి గౌరవానికి భంగం కలగకుండా చేర్చే బాధ్యత మాది.

అల్లాహ్ మన అడుగులను స్థిరంగా ఉంచుగాక. తడబడేవారికి ఊతమిచ్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.