తల్లి పేరున కలిసే ఇల్లు
(కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



అమ్మవారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన పురాణాల్లో తల్లులకు కొదువ లేదు. దేవతలను కన్నది అదితి. పరశురాముణ్ణి కన్న రేణుకను మన ఊళ్ళలో ఎల్లమ్మగా కొలుస్తాం. అయితే ఏ పురాణంలోనూ లేని తల్లి ఒకరు మన అడవుల్లో వెలిశారు. ఆమె కథను నిలిపింది తాళపత్రాలు కావు, కోయల నోటి మాట. ఆమే మేడారం సమ్మక్క.

జనం ఎక్కువగా చెప్పుకునే కథ ఇది. అడవికి వెళ్ళిన కోయదొరకు పులుల మధ్య ఆడుకుంటూ ఒక పసిపాప దొరికింది. ఆమె పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి పిల్లలు. కరువొచ్చి కాకతీయులకు కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుని సేన మీదికొచ్చింది. భర్త, కూతుళ్ళు, అల్లుడు గోవిందరాజు పోరులో ఒరిగారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు. నేడు మనం మునిగే జంపన్నవాగు అదే. చివరిదాకా పోరాడిన సమ్మక్క వెన్నుపోటు తిని, చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయింది. వెతికిన వారికి దొరికింది ఒక కుంకుమ భరిణె.

ఇక్కడ ఒక్క సంగతి గమనించమని మనవి. ఆ ఇల్లు ఒక్కనాడే చెదిరిపోయింది. జాతర చేసేది ఆ ఇంటిని తిరిగి కలపడమే. మాఘమాసంలో, రెండేళ్ళకోసారి, బుధవారం నాడు కన్నెపల్లి నుంచి బిడ్డ సారలమ్మ వస్తుంది. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును, కొండాయి నుంచి గోవిందరాజును పూజారులు అడవి దారిన నడిచి తీసుకొస్తారు. గురువారం చిలకలగుట్ట దిగి తల్లి గద్దెకు చేరుతుంది. ఆమె రాకకు పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి వందనం చేస్తారు. శుక్రవారం మొక్కులు. శనివారం అందరూ తిరిగి వనానికి వెళ్ళిపోతారు. గుడి గోపురం లేదు, విగ్రహం లేదు. వెదురు, కుంకుమ, గద్దె, అంతే. పూజారులు కోయవారే.

మనం ఆమెను తల్లీ అంటాం. కానీ పోసేది ఒడిబియ్యం. ఒడిబియ్యం ఎవరికి పోస్తాం? పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు. అంటే ఆమె మనకు తల్లీ, బిడ్డా కూడా. నిలువెత్తు బంగారమని తూకం వేసి ఇచ్చేది బెల్లమే. పేదవాడు కూడా మొక్కు చెల్లించగల తల్లి ఆమె.

1996లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. మేడారం 2016 వరకు వరంగల్ జిల్లాలో, తరువాత భూపాలపల్లి జిల్లాలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టంతో ములుగుకు మంజూరైన గిరిజన విశ్వవిద్యాలయానికి ఈ తల్లీబిడ్డల పేరే పెట్టారు. జిల్లాల గీతలు మారాయి గాని పూనుగొండ్ల పూజారులు నడిచే దారి మారలేదు.

పెద్దలారా, మన ఇళ్ళు కూడా చెదిరే ఉన్నాయి. కొట్లాటల వల్ల కాదు, కొలువుల వల్ల. ఒక కొడుకు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో. పండుగలన్నిటికీ రమ్మంటే వారికీ కుదరదు, నిజమే. రెండేళ్ళకోసారైనా మేడారం పేరున అందరినీ ఒక చోటికి పిలుద్దాం. జాతర నాటి రద్దీ మన మోకాళ్ళు ఓర్చుకోలేకపోతే కొన్ని వారాల ముందే వెళ్ళి మొక్కు అప్పజెప్పవచ్చు. నడుమ ఏడాది వచ్చే చిన్న జాతర ఉండనే ఉంది.

వెళ్ళినప్పుడు మనవలకు కథ చెప్పండి. సమ్మక్కను మరో అమ్మవారి అవతారమని చెప్పి ముగించకండి. ఆమె కోయ ఆడబిడ్డ అని, పన్ను కట్టలేని జనం కోసం ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న తల్లి అని చెప్పండి. గద్దె వద్ద నిలిచిన కోయ పూజారికి చేతులు జోడించమనండి. వారు నడవకపోతే ఆ ఇల్లు కలవదు, జాతరా లేదు.

 సమ్మక్క సారలమ్మలు మనందరినీ చల్లగా చూడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.