బౌద్ధంలో పునర్జన్మ: నాకు అర్థమైనంత



నేను పండితుణ్ణి కాను. ఫైళ్లు చదివినంతగా శాస్త్రాలు చదవలేదు. అయితే ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగేసే జబ్బు మాత్రం ఉండేది. ఒకసారి ఆ పుస్తకాల సంచీతోనే మా ఆవిడను నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడి ఈజిప్టు మమ్మీ మీకు తెలిసిందే. పరలోకంలోనూ శరీరం కావాలని వాళ్లు గుడ్డపట్టీలు చుట్టి భద్రపరిచారు. "ఇంత జాగ్రత్తపడ్డా ఆ పిల్లకు సొంత ఊరు దక్కలేదు చూశారా" అంది మా ఆవిడ.

బౌద్ధులది దీనికి పూర్తిగా ఎదురుమాట. శరీరమే కాదు, ఆత్మ అనేది కూడా ఇక్కడినుంచి అక్కడికి పోదంటారు. మరి మళ్లీ పుట్టేదెవరు? మిలిందుడనే గ్రీకు రాజు నాగసేన భిక్షువును ఇదే అడిగాడు. వాడే కాదు, వేరేవాడూ కాదన్నాడు భిక్షువు. ఒక దీపంతో ఇంకొకటి వెలిగిస్తే మొదటిదాంట్లోంచి ఏదీ నడిచివెళ్లదు. అయినా అది లేకుంటే ఇది లేదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే నేను, 1973లో ఉద్యోగంలో చేరిన ఆ కుర్రవాణ్ణేనా? ట్రెజరీవారు అవునంటున్నారు గనుక పింఛను వస్తోంది!

మంటకు చమురెలాగో జన్మకు తృష్ణ అలాగ. పాళీలో 'ఉపాదానం' అంటే పట్టుకు వేలాడటమూ, ఇంధనమూ రెండూను. చమురైపోయి దీపం ఆరడమే నిర్వాణం.

మా ఆవిడ పోయి ఐదేళ్లయింది. అప్పుడు ఈ సిద్ధాంతం నాకు మింగుడుపడలేదు. ఇక మళ్లీ కలవమా? వెతగ్గా నకులపిత, నకులమాత అనే దంపతుల కథ దొరికింది. వచ్చే జన్మలోనూ కలిసే ఉండాలంటే ఏం చేయాలని వారు బుద్ధుణ్ణే అడిగారు. ఆయన మోహమని కసరలేదు. ఇద్దరికీ శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ సమానంగా ఉండాలన్నాడు.

మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, త్యాగంలో నేను ఆమెకు చాలా వెనకబడ్డాను. గుమ్మంలోకి వచ్చినవారిని ఆవిడ ఉత్తచేతులతో పంపేది కాదు. నేను ఆ చిల్లర కూడా లెక్క రాసేవాణ్ణి. ఆవిడ పోయాక బీరువాకు తాళం వేసి ఎవరినీ ముట్టనివ్వలేదు. కోడలు రెండుసార్లు అడిగి ఊరుకుంది. క్రితం నెల నేనే తీశాను. చీరలు ఇరవైమూడు. మా వీధిలో ఇళ్లల్లో పనిచేసుకునే ఆడవాళ్లకు ఇచ్చాం. ఒక్కటి మాత్రం, పీఆర్సీ ఎరియర్సుతో అబిడ్స్‌లో కొన్నది, ఇంకా బీరువాలోనే ఉంది.