ఎండను గూర్చిన దిగులు ఎవరికెంత?

(ఒక గ్రామ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భూతాపమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీ పంచాయతీ పెద్దలు మమ్ము కోరినారు. ఇట్టి సభలలో మాకు కలుగుచున్న అనుభవము ఒకటి కలదు. ఈ విషయము ఎత్తినంతనే సభ నాలుగు తెగలుగా చీలిపోవును. వెనుక వరుసలోని పెద్దమనిషి లేచి, "అయ్యా, ఎండ ఎప్పుడు కాయలేదు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతల నాటి మాటే గదా" అనును. కాలేజీలో చదువుచున్న కుర్రవాడు, "ఇంకేముందండీ, అంతా చేయి దాటిపోయింది" అని తల వంచుకొనును. మరియొకరు, "అమెరికా వాళ్లు పొగ వదిలితే పాఠం మాకా?" అని నిలదీయుదురు. కూలికి పోవు తల్లి మాత్రము ఏమియు అనదు. సభ ఎప్పుడు ముగియునా అని ప్రొద్దు వంక చూచుచుండును.

ఇది మన గ్రామముల వింత కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము వారు 2009లో తమ దేశ ప్రజలను ఈ విషయమున ఆరు తెగలుగా విభజించి చూపినారు. మిక్కిలి కలత చెందినవారు ఒక కొసనుండగా, ఇదంతయు కల్ల అని కొట్టివేయువారు రెండవ కొసనున్నారు. కావున ఈనాడు మేము భూతాపమును గూర్చి కొంచెముగను, దానిని గూర్చి మనము పడుచున్న, పడకున్న దిగులును గూర్చి కొంత విపులముగను చెప్పదలచినాము.

ముందుగా సంగతి ఏమో చూతము. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. భూమి నుండి పైకి పోవు వేడిని అది కంబళివలె కొంత పట్టి నిలుపును. ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను దేశీయుడగు అర్రేనియస్ 1896లోనే లెక్కగట్టినాడు. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండపై కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కొలువ మొదలిడినపుడు, గాలి పది లక్షల పాళ్లలో ఇది సుమారు 315 పాళ్లు ఉండెను. 2024 నాటికి 420 దాటినది. ఆ 2024వ సంవత్సరమే, కొలతలు మొదలైన తరువాత అన్నిటి కంటె వేడియైన సంవత్సరము. నూట డెబ్బది ఏండ్ల క్రిందటి లెక్కకు సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ.

ఒకటిన్నర డిగ్రీయేనా అని మీరు నవ్వవచ్చును. పెద్దమనిషి వాదమునకు బలము ఇచ్చటనే ఉన్నది. మండుటెండలను అరువదేండ్లు చూచినవానికి ఒక డిగ్రీ ఏపాటి? ఆయనను అజ్ఞానియనుట మాకు సమ్మతము కాదు. అయితే ఆయనను పగటి ఎండను గూర్చి గాక రాత్రిని గూర్చి అడుగవలెను. ఒక గ్రామములో మేమట్లే అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మా చిన్నప్పుడు వేసవిలో వాకిట మంచాలేసుకునేవాళ్లం. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు తెల్లవారినా గోడ చల్లబడదు" అన్నాడు. ఒకరి జ్ఞాపకము శాస్త్ర ప్రమాణము కాదనుట నిజమే. కాని ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు తమ క్షేత్రమున 1979 మొదలు 2003 వరకు వ్రాసి ఉంచిన లెక్కలును ఆ మాటనే చెప్పుచున్నవి. పగటి వేడిమి కంటె రాత్రి వేడిమియే అచ్చట ఎక్కువగా పెరిగినది. ఎండకాలపు పంటలో రాత్రి వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో వరి దిగుబడి సుమారు పదవ వంతు తగ్గినట్లు వారు 2004లో ప్రకటించినారు. రాత్రి వెచ్చగా నున్నచో, పగలెల్ల కూడబెట్టిన పిండి పదార్థమును పైరు తన ఊపిరికే ఎక్కువగా ఖర్చు చేసికొనునని చెప్పుదురు. పది బస్తాలకు ఒక బస్తా యన్నపుడు ఆ పెద్దమనిషి తన చేతివేళ్లు మడిచి లెక్క చూచుకొనెను. అంతకుముందు మేము చెప్పిన డిగ్రీలేవియు ఆయనకు పట్టలేదు.

ఇక అమెరికా మాట. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. అచ్చట ఒక్కొక్క మనిషి వంతున ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండగా, మన దేశమున సుమారు 2 టన్నులు మాత్రమే. మన పల్లెవాసి వంతు అంతకంటె తక్కువయే అయి ఉండును. ఈ న్యాయము కొరకు మన ప్రతినిధులు 2015 నాటి పారిస్ ఒప్పందమునకు ముందును, తరువాతను వాదించుచునే ఉన్నారు. వాదింపవలసినదే. అయినను ఆ వ్యాజ్యము తేలువరకు రోహిణి కార్తె ఆగదు గదా.

కుర్రవాని నిరాశను గూర్చి మాకు ఎక్కువ దిగులు. "అంతా అయిపోయింది" అనువాడును, "ఏమీ లేదు" అనువాడును చేతులు ముడుచుకొని కూర్చుండుటలో ఒక్కటియే. అట్టివానికి మేము దివిసీమ కథ చెప్పుచుందుము. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మంది వరకు పొట్టనబెట్టుకొన్నది. సముద్రము తాటిచెట్టంత లేచినదని చూచినవారు నేటికిని చెప్పుకొందురు. ఆ తుపానును భూతాపమునకు అంటగట్టుట మా ఉద్దేశము కాదు. తరువాత జరిగినదే ముఖ్యము. 1990 మేలో కృష్ణానది సాగర సంగమము చెంతనే మరియొక పెను తుపాను తీరము దాటెను. మృతులు వేయికి లోపు. వేయి ప్రాణములును తక్కువ కావు. కాని ఈ మధ్యకాలమున తీరము వెంట రక్షణ భవనములు లేచినవి, ఉపగ్రహము గాలివానను ముందుగా చూపినది, లక్షల జనమును ముందే తరలించినారు. దివిసీమలో పుట్టిన భయము కట్టడముగను, హెచ్చరికగను మారినది.

దిగులు మితిమీరిన చోట మరియొక చిక్కు కలదు. ప్రతి నష్టమును భూతాపము నెత్తిన రుద్దుట. కాకినాడకు చేరువనున్న ఉప్పాడ తీరము కోతకు గురియై ఇండ్లు సముద్రమున కలియుచున్నవి. సముద్ర మట్టము పెరుగుట అందొక కారణమే. కాని నదిపై ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుటయు, రేవు కట్టడముల వలన కెరటముల నడక మారుటయు అందు కలిసినవి. అన్నియు వాతావరణము మీదికి త్రోసినచో, మన చేతిలోని కారణములను అడుగువారుండరు. కొందరు అధికారులకు అది సుఖముగనే ఉండును.

ఇప్పుడు మాటాడని ఆ తల్లి సంగతికి వత్తము. ఆమెకు దిగులు లేదని మేమును చాలకాలము తలచితిమి. పైన చెప్పిన యేల్ విద్యాలయము వారే 2021-22లో మన దేశమున నాలుగు వేలకు పైగా పెద్దలను ప్రశ్నింపగా, సగము కంటె ఎక్కువమంది భూతాపమను మాటయే వినలేదనియో, ఏదో కొద్దిగా తెలియుననియో చెప్పినారు. కాని అది ఏమో రెండు ముక్కలలో వివరించినంతనే 84 శాతము మంది, అవును, అది జరుగుచున్నదని ఒప్పుకొన్నారు. అనగా పేరు తెలియదు గాని వేడి తెలియును.

2015 మే నెల మీకు జ్ఞాపకముండును. ఆ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగాను, తెలంగాణలో వందలాది మందియు అసువులు బాసినారు. వారిలో వృద్ధులును, ఎండలో కూలి చేసికొనువారును ఎక్కువ. మన శరీరము చల్లబడుటకు చెమట ఆరుటయే ఆధారము. గాలిలో తేమ ఎక్కువైనచో చెమట ఆరదు. అందుచేతనే రెంటచింతల పొడి ఎండ కంటె సముద్రతీరపు ఉక్క తక్కువ డిగ్రీలలోనే మనిషిని పడగొట్టగలదు. వంట్లో సెగ పుట్టి, మాట తడబడి, మనిషి తెలివి తప్పుచున్నచో, వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతయు తుడిచి, 108కు ఫోను చేయవలెను. తెలివి లేనివారి నోట నీరు పోయరాదు.

ఈ మాటలే ఒక ఊరిలో చెప్పి, మజ్జిగ త్రాగుడు, తలకు గుడ్డ చుట్టుకొనుడు, మిట్టమధ్యాహ్నము పనికి పోకుడు అని మేము ముగింపబోవగా, ఆ తల్లులలో ఒకామె తొలిసారి నోరు విప్పినది. "చెప్పేది బాగానే ఉందయ్యా. పదకొండింటికి పని ఆపితే సగం కూలే చేతిలో పెడతారు. మిగతా సగం మీరిస్తారా?" మా వద్ద జవాబు లేకపోయినది. ఆమెకు దిగులు లేక కాదు, దిగులుపడుటకు వీలు లేక ఊరకున్నదని ఆనాడు మాకు తెలిసినది.

చేయదగిన పనులు లేకపోలేదు. 2010 వేసవిలో అహమ్మదాబాదు నగరమున వడగాడ్పులకు వందలాది మంది మరణింపగా, ఆ నగరమువారు 2013లో ఒక ప్రణాళిక వేసికొన్నారు. ముందు రోజులలోనే హెచ్చరిక, చలివేంద్రములు, ఆసుపత్రులలో సిద్ధముగా పడకలు అందలి భాగములు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. రేకుల ఇంటి పైకప్పునకు తెల్లని సున్నము వేసినను లోపలి వేడి కొంత తగ్గును. దానికి విధానము కొరకు వేచియుండ నక్కరలేదు. ఇవన్నియు మంచివే. కాని కూలి ప్రశ్నకు ఇందేదియు జవాబు కాదు. పని తెల్లవారుజామున ఐదింటికే మొదలిడినచో, పనిగంటలు తగ్గవు, వేళ మాత్రమే మారును. పూర్తి కూలి యిచ్చుటకు రైతునకు అడ్డమేమి? అంత పెందలకడ ఇంటి వంట ఎవరు చేయుదురు, చంటిబిడ్డ నెవరు చూతురు అన్నది ఆమె అడుగబోవు తరువాతి ప్రశ్న. ఆ ప్రశ్నకు కూడ ఈ సభలోని మగవారు జవాబు చెప్పవలసియుండును.

రోహిణి కార్తె రాకమునుపే ఈ ఊరిలో పని వేళలును, వాటికి కూలియు నిర్ణయింపుడని మీ పంచాయతీని కోరుచున్నాము. అట్లు వ్రాసికొనిన తీర్మానము లేనిచో మజ్జిగను గూర్చి మేము మరల వచ్చి చెప్పుట దండుగ. సర్పంచిగారు ఏదో చెప్పదలచినట్లున్నారు. వెనుక కూర్చున్న అమ్మలను ముందు మాటాడనిచ్చినచో బాగుండునని మనవి చేసి, మేము కూర్చుందుము.