సైరనును పట్టికయు

2025 మే 7వ తేదీ సాయంకాలము మా పాతబస్తీ చెంత కంచన్‌బాగునందును, మౌలాలి అణు ఇంధన కర్మాగారమునందును యుద్ధాభ్యాసపు సైరను మ్రోగినది. ఆ రాత్రి మా అరుగుపై వాదము చెలరేగినది. “అణ్వస్త్రమున్నంతకాలము శత్రువు జంకును, పంతులుగారూ!” అని ఒకరు. “ముందుగా ప్రయోగింపమని మనమంటిమి, పాకిస్తాను అనలేదే!” అని వేరొకరు.

నాకు అశ్వత్థామ తలపునకు వచ్చెను. వానికి అస్త్రము విడుచుట తెలియును, మరలించుట తెలియదు. భారతము చదివినవాని చాదస్తమందురేమో, కానిండు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో సైరను మ్రోగి, అపాయము తప్పినదని చాటిన పిమ్మటనే బాంబు పడినది.

నాకు ధైర్యమిచ్చునది ఒక్క కాగితము. పరస్పర అణుకేంద్రములపై దాడి చేయరాదని ఉభయ దేశములును 1988 డిసెంబరు 31న ఒడంబడిక చేసికొన్నవి. 1992 మొదలు ప్రతి జనవరి 1న ఆ కేంద్రముల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. 1999లో కార్గిలు పోరు జరిగిన తరువాతను అది ఆగలేదు. ఆ మే ఘర్షణ తరువాతను ఆగలేదు.