శరత్కాలపు గుమ్మడి - పిల్లల కంటికి వెలుగు

(సికింద్రాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

వానలు వెనుకబట్టి ఆకాశము తేటపడు ఆశ్వయుజ, కార్తిక మాసములలో గుమ్మడి తీగ ప్రాకని దడి మన పల్లెలలో అరుదు. బతుకమ్మను పేర్చునపుడు పళ్ళెమున ముందుగా పరచునది గుమ్మడి ఆకులు. దసరా నాడు దిష్టి తీయుటకు పగులగొట్టునదియు గుమ్మడికాయయే. పండుగలో ఇంతటి స్థానము గల ఈ కాయకు పిల్లల పళ్ళెములో మాత్రము తగినంత చోటు దొరకుట లేదు. ఈ విషయమునే నేడు తమకు మనవి చేయదలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. దిష్టికి, వడియములకు, పేఠా మిఠాయికి వాడునది బూడిద గుమ్మడి. ఇది ఆసియా ఖండమున అనాదిగా పండుచున్నది. దప్పళములోను, బెల్లము పులుసులోను వేయు ఎఱ్ఱని కండ గలది తియ్య గుమ్మడి. దీని జన్మస్థానము అమెరికా ఖండము. సముద్రము దాటి వచ్చి మన పెరటి కాపుగా స్థిరపడినది. బూడిద గుమ్మడి మంచి ఆహారమే గాని, మేము చెప్పబోవు గుణము దానియందు లేదు. అది తియ్య గుమ్మడి రంగులో ఉన్నది.

ఆ పసుపు, నారింజ రంగునకు కారణమైన పదార్థములలో ముఖ్యమైనది బీటా కెరోటిన్. మన శరీరము దానిని విటమిన్ 'ఎ'గా మార్చుకొనును. ఈ విటమిన్ కొరవడిన బిడ్డకు మొదట రేచీకటి వచ్చును. సంధ్యవేళ బిడ్డ గోడ పట్టుకొని నడచుచున్నచో పెద్దలు దానిని ఆటగా తలంపరాదు. లోపము ముదిరినచో కంటి నల్లగ్రుడ్డు పొడిబారి, పుండుపడి, చూపు శాశ్వతముగా పోవచ్చును.

సికింద్రాబాదు చెంతనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన ఈ సంస్థ 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. పిల్లల అంధత్వమును గూర్చి ఈ సంస్థ చేసిన కృషి ఆధారముగా, ఆరు నెలల కొకమారు పిల్లలకు విటమిన్ 'ఎ' ద్రావకము పోయు కార్యక్రమము 1970లో దేశమున ప్రారంభమైనది. ఆ ద్రావకమును మానరాదు. అయితే మందు ఆరు నెలల కొకసారి వచ్చును. ఆకలి ప్రతిదినము వచ్చును. కావున ఆకుకూరలు, తియ్య గుమ్మడి, మునగాకు, బొప్పాయి ఇంటి వంటలో నిత్యము ఉండవలెను. కెరోటిన్ శరీరమునకు పట్టుటకు కొంచెము నూనెయో నెయ్యియో అవసరము. ఉట్టి నీటిలో ఉడికించి పెట్టుటకంటె పోపు వేసిన కూర మేలు.

పిల్లలు కూరను త్రోసివేయుదురని తల్లులు చెప్పుచుందురు. అట్టివారికి తీపి వంటకము తొలిమెట్టు. 1806లో సికందర్ జా పేరిట వెలసిన ఈ సికింద్రాబాదులో, దండు వెంట వచ్చిన రొట్టెల బట్టీలు ప్రజలకు డబల్ రొట్టెను, బిస్కత్తును అలవాటు చేసినవి. బట్టీ లేని పల్లెలోను కేకు కాల్చవచ్చును. ఆ పద్ధతి యిది:

తియ్య గుమ్మడి ముక్కలను ఆవిరిపై ఉడికించి, నీరు వార్చి మెత్తగా మెదపవలెను. ఆ గుజ్జు 1 గిన్నె, బెల్లపు పొడి ముప్పాతిక గిన్నె, నూనె అర గిన్నె, పెరుగు అర గిన్నె కలిపి గిలకొట్టవలెను. ఒకటిన్నర గిన్నెల గోధుమ పిండిలో 1 చిన్న చెంచా వంట సోడా, కొంచెము ఏలకుల పొడి, శొంఠి పొడి చేర్చి జల్లించి, చివరగా అందు కలుపవలెను. సోడా కలిపిన పిమ్మట ఆలసింపరాదు. మందపు పాత్రలో రెండంగుళముల ఎత్తున పొడి ఇసుక పోసి, మూతపెట్టి బాగుగా కాచి, నెయ్యి రాసిన గిన్నెలో పిండిని సగము వరకే నింపి ఇసుకపై నుంచవలెను. మంట తగ్గించి, మూతపై నిప్పులు పరచిన యెడల సుమారు 45 నిమిషములకు కాలును. శుభ్రమైన పుల్లను గ్రుచ్చి తీసినపుడు పిండి అంటనిచో కాలినట్లే.

ఇంత శ్రమ వలదనువారు కోరును నేతిలో మగ్గించి, బెల్లము చేర్చి హల్వా చేసికొనవచ్చును. ఏదైనను తీపి పండుగ నాటిదే. దినమున కొక కేకు అని మా భావము కాదు. రుచి మరిగిన బిడ్డకు మరునాడు కూర పెట్టుటయే మన గెలుపు.

గుమ్మడిలో పారవేయదగినది స్వల్పము. గింజలను కడిగి, ఎండబెట్టి, వేయించినచో మాంసకృత్తులు గల తినుబండారమగును. పువ్వులలో ఆడ, మగ వేరువేరు. పువ్వు క్రింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. పండుగకు మగపువ్వులనే కోసి, తేనెటీగలకు కొన్నిటిని విడిచినచో బతుకమ్మకు లోటుండదు, కాపుకు నష్టముండదు. గోరు దిగని తోలు, ఎండిన తొడిమ ముదురు కాయకు గుర్తులు. తొడిమతో కోసి, గాలి తగులు చోట విడివిడిగా నుంచిన కాయ రెండు మూడు నెలలు నిలువయుండును.

ఈ నిలువగుణము రైతునకు అండ. ధర లేనినాడు వంకాయ, టమాటా ఆగవు, గుమ్మడి ఆగును. సికింద్రాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో మిగిలి చెడిన కాయగూరల నుండి విద్యుత్తు తీయు యంత్రాగారము నెలకొన్నది. రోజునకు 10 టన్నుల వ్యర్థము నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు వచ్చునట్లు దానిని నిర్మించిరి. చెడినదానికి అది సద్గతియే. కాని చెడకముందే బిడ్డ నోటికి చేరుట ఉత్తమగతి.

ఇందు పంచాయతీ చేయదగినది యేమి? 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. స్త్రీ శిశు అభివృద్ధి, ఆహార పదార్థముల తయారీ, సంతలు వానిలోనివే. తొలకరిలో అంగన్‌వాడీ, పాఠశాల ప్రహరీల వెంబడి తియ్య గుమ్మడి విత్తింపుడు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క చందన్' వంటి రకముల విత్తనములకై ఉద్యానశాఖవారిని అడుగుడు. మహిళా సంఘములు కేకులు, హల్వా చేసి అమ్మదలచినచో ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించి, తయారైన తేదీని పొట్లముపై వ్రాయింపుడు. దసరా నాడు దారిలో పగిలిన కాయలను ఆనాడే తీయించినచో బండ్లు జారవు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. తమ గ్రామమున మసక వెలుతురులో తడబడు బిడ్డ ఉన్నదేమో అంగన్‌వాడీ కార్యకర్తను విచారింపుడు. ఉన్నచో ఆ బిడ్డను వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. వీధికి దీపము వేయించుట పంచాయతీ ధర్మమే. ఆ దీపమును చూడగల కన్నులను కాపాడుటయు దాని ధర్మమేనని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.